ఏడో తరగతి పిల్లలు తమ ముఖాలు వేసుకున్నారు

ఐదో తరగతి పిల్లలకు కాగితం ఇచ్చి "మీ బొమ్మ మీరే వేసుకోండి" అంటే ఆలోచించకుండా వేసేస్తారు. గుండ్రటి ముఖం, రెండు కళ్ళు, నవ్వే నోరు, పక్కన అడక్కుండానే ఒక కొబ్బరిచెట్టు. అదే పిల్లలు ఏడో తరగతికి వచ్చాక అదే మాట చెప్తే క్లాసు మూగబోతుంది. "మిస్, నాకు ముఖాలు రావు", "మిస్, సీనరీ వేస్తాను మిస్", "మిస్, హీరో బొమ్మ వేయనా?" అని మొదలవుతుంది. ముఖం గీయడం రాక కాదు ఈ గొడవంతా. ఆ వయసులో ముఖం రోజుకో రకంగా మారుతుంటుంది. మొటిమలు వస్తాయి, పళ్ళకు క్లిప్పులు పడతాయి, మగపిల్లలకు మీసం నీడలా మొలుస్తుంది. ఇంట్లో అత్తయ్యలు, పక్కింటివాళ్ళు రంగు గురించి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అలాంటి ముఖాన్ని పట్టుకుని పీరియడంతా చూడమంటే ఎవరికైనా ఇబ్బందే.

నేను చెన్నైలో ఒక స్కూల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా డ్రాయింగ్ చెప్తాను. మాది శ్రీకాళహస్తి. ఉత్తర చెన్నైలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి కాబట్టి నా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది. వాళ్ళలో తెలుగు చదవగలిగేవాళ్ళు తక్కువ. వాళ్ళ పక్కనే తమిళ పిల్లలు, షావుకారుపేట వైపు నుంచి వచ్చే మార్వాడీ పిల్లలు. అందరితో కలిపి ఏడో తరగతిలో ఒక టర్మంతా సెల్ఫ్ పోర్ట్రెయిట్ చేయించాను. పెన్సిల్‌తో మాత్రమే కాదు. కాగితం ముక్కలు, గుడ్డ, దారం, రంగు, ఏది పనికొస్తే అది. దీన్నే మిక్స్‌డ్ మీడియా అంటున్నాం.

ఉత్త పెన్సిల్ బొమ్మ వద్దనుకోవడానికి కారణం ఉంది. పెన్సిల్ ఒక్కటే ఇస్తే క్లాసులో పోలిక బాగా తెచ్చే నలుగురైదుగురు గెలుస్తారు, మిగతావాళ్ళు రబ్బరుతో కాగితం చిరిగేదాకా తుడుస్తారు. కత్తెర, జిగురు, సూది చేతికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. గీతలో తడబడే పిల్ల కాగితం చింపడంలో ఎంత నేర్పు చూపిస్తుందో ముందుగా ఎవరూ ఊహించలేరు. కానీ ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. వదిలేస్తే అది ప్రాజెక్ట్ వర్క్ అయిపోతుంది. చమ్కీలు, స్టిక్కర్లు, చుట్టూ లేస్ బోర్డరు, మధ్యలో ముఖం. అందుకే మొదటి రోజే బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. టర్మ్ అయిపోయేదాకా చెరపలేదు: "ఈ ముక్క ఇక్కడ ఏం పని చేస్తోంది?" నీడ కోసమా, జుట్టు కోసమా, లేక నీ గురించి చెప్పడానికా? జవాబు ఏదైనా సరే, జవాబంటూ ఉండాలి. అందంగా ఉంటుందని పెట్టానంటే ఆ ముక్క పక్కన పెట్టేయాలి.

అతికించే పని తర్వాత. ముందు చూడటం.

ఫోన్లో సెల్ఫీ తీసి ప్రింట్ తెస్తామని చాలామంది అడిగారు. ఒప్పుకోలేదు. చెయ్యి చాచి తీసే ఫోటోలో ముక్కు కెమెరాకు దగ్గరగా ఉంటుంది, చెవులు దూరంగా ఉంటాయి. దాంతో ముక్కు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పైగా ఫోన్లు చర్మాన్ని వాటంతట అవే నున్నగా చేసేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఫోటోలో నిర్ణయాలన్నీ ముందే అయిపోయి ఉంటాయి. పిల్లలకు నకలు చేయడమే మిగులుతుంది. అద్దంలో అలా కాదు. తల కొంచెం తిప్పితే అంతా మారిపోతుంది. ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో వాళ్ళే తేల్చుకోవాలి. చెన్నైలోని ప్యారీస్ కార్నర్ బజార్లో చిన్న అద్దాలు కొని, అంచులకు టేపు చుట్టి, ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చాను.

మొదటి పని కాగితం మీద కాదు, అద్దం మీదే. ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా, అద్దంలో కనిపించే ముఖం చుట్టూ మార్కర్‌తో గీత గీయాలి. నుదుటి పైనుంచి గడ్డం దాకా గీసి, ఆ బొమ్మను స్కేలుతో కొలిచారు. తర్వాత పక్కవాళ్ళ చేత తమ అసలు ముఖాన్ని కొలిపించుకున్నారు. అద్దం మీది గీత అసలు ముఖంలో సరిగ్గా సగం ఉంది. నమ్మలేదు. వెనక్కి జరిగి గీశారు, ముందుకు వచ్చి గీశారు. ఎంత దూరంలో నిలబడినా సగమే. అద్దంలోని ముఖం అద్దానికి వెనక అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, మధ్యలో ఉన్న గాజు మీద దాని కొలత ఎప్పుడూ సగమే అవుతుంది. సాయంత్రానికి ఈ సంగతి స్టాఫ్ రూమ్ దాకా వెళ్ళింది. లెక్కల మాస్టారు వచ్చి ఒక అద్దం అడిగి పట్టుకెళ్ళారు. ఒక అమ్మాయి ఇంకో విషయం పట్టింది. తన పుట్టుమచ్చ అద్దంలో ఒక వైపు ఉంది, స్కూల్ ఐడీ కార్డు ఫోటోలో ఇంకో వైపు ఉంది. రోజూ అద్దంలో చూసే ముఖం, లోకం చూసే ముఖం ఒకటి కావని ఆ రోజు క్లాసులో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోటోలో తాము వింతగా ఎందుకు కనిపిస్తారో కూడా వాళ్ళకు అర్థమైంది.

తర్వాత కాగితం చూడకుండా గీయడం. కళ్ళు అద్దం మీద, చెయ్యి కాగితం మీద, పెన్ను ఎత్తకూడదు. కన్ను ఎంత నెమ్మదిగా కదిలితే చెయ్యీ అంతే నెమ్మదిగా కదలాలి. బొమ్మలు సహజంగానే చిందరవందరగా వస్తాయి. కన్ను చెవి దగ్గర, నోరు గడ్డం కింద. అందరివీ అలాగే వచ్చాయి కాబట్టి అందరూ నవ్వారు. "నాకు రాదు" అన్న మాట ఆ నవ్వుతో సగం పోయింది. అప్పుడే ఒక నియమం పెట్టాను. ఈ గదిలో కాగితం మీదున్నదాని గురించే మాట్లాడాలి, మనిషి ముఖం గురించి కాదు. "నీ ముక్కు లావు" అనకూడదు. "ముక్కు కింద నీడ ఇంకా ముదురు కావాలి" అనొచ్చు. దీన్ని టర్మంతా గట్టిగా పట్టుకున్నాను. ఒకసారి ఒకబ్బాయి మాట జారితే క్లాసే వాడిని సరిదిద్దింది.

కొలతల గురించి క్లుప్తంగా చెప్తాను, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా మధ్యలో ఉంటాయి. పిల్లలు మాత్రం కళ్ళను నుదుటి మీదకు ఎక్కిస్తారు, ఎందుకంటే జుట్టున్న భాగాన్ని ముఖంలో లెక్క వేయరు. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. చెవి పై అంచు కనుబొమ్మల దగ్గర, కింది అంచు ముక్కు చివర దగ్గర. ఇవి సగటు కొలతలే. ఎవరి ముఖం ఎక్కడ ఈ కొలత తప్పుతుందో అక్కడే పోలిక ఉంటుంది. అందుకే కొలతలు చెప్పిన వెంటనే, "ఇప్పుడు మీ ముఖం ఇందులో దేన్ని ఒప్పుకోవడం లేదో వెతకండి" అన్నాను.

ఈ బొమ్మలకు ఊరి నుంచి చింతబొగ్గు తెచ్చాను. మా శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్ళు గుడ్డ మీద తొలి గీతలు చింతపుల్లల బొగ్గుతోనే వేస్తారు. మెత్తగా పడుతుంది, దులిపితే పోతుంది, అందుకే తప్పు అన్న భయం ఉండదు. దాంతోపాటు ఒక సీసాలో కసిమి, కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్కలు కూడా తెచ్చాను. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి ఊరబెడితే వచ్చేదే కసిమి. చూడటానికి పలుచటి గోధుమరంగు నీళ్ళలా ఉంటుంది. కలంతో ఆ గుడ్డ మీద గీస్తే, చూస్తుండగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిస్తే ఆ నలుపు వస్తుంది. పిల్లలు బెంచీలు దిగి నా బల్ల చుట్టూ మూగారు. అలా గీతలు గీసిన గుడ్డ ముక్కల్ని పేలికలుగా కత్తిరించి కొందరు జుట్టుగా వాడారు. రింగుల జుట్టున్న ఒకమ్మాయి పేలికల్ని చివర్లు మాత్రమే అతికించి మధ్యలో పైకి లేపింది. బోర్డు మీది ప్రశ్న అడిగితే, "మిస్, నా జుట్టు దువ్వినా అణగదు, అందుకే అతికించలేదు" అంది. అంతకన్నా మంచి జవాబు ఉండదు.

మధ్యలో ఒక పీరియడ్ పేరున్న చిత్రకారుల బొమ్మలు చూపించడానికి పెట్టుకున్నాను. రెంబ్రాంట్ కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి 1669లో చనిపోయే ఏడాది దాకా తన ముఖాన్ని వేస్తూనే ఉన్నారు. ఆ బొమ్మల్ని వరసగా పెడితే ఒక మనిషి ముసలివాడవడం కనిపిస్తుంది. వాన్ గో మోడల్స్ దొరక్క, మంచి అద్దం ఒకటి కొనుక్కుని తననే వేసుకున్నారు. ఫ్రిదా కాలో 1925లో బస్సు ప్రమాదంలో నడుం విరిగి మంచాన పడితే, వాళ్ళమ్మ మంచం పైన అద్దం బిగించింది. పిల్లలు ఎక్కువసేపు ఆగింది అక్కడే. అతికించడం గురించి చెప్పడానికి పికాసోను తీసుకున్నాను. 1912లో ఆయన కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను చిత్రంలో అతికించి, చుట్టూ చట్రంలా తాడు బిగించారు. "అల్లిక గీయొచ్చు కదా మిస్, ఎందుకు అతికించాడు?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న మీద క్లాసు రెండుగా చీలిపోయింది. తీర్పు నేను చెప్పలేదు.

చెన్నైలో ఉండి చోళమండలం వెళ్ళకపోతే ఎలా? 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, మద్రాసు ఆర్ట్ స్కూల్ కళాకారులు కలిసి ఇంజంబాక్కంలో ఈ ఊరు కట్టుకున్నారు. అక్కడి మ్యూజియానికి పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళాం. ముఖ్యంగా చూపించాలనుకున్నది పణిక్కర్ అక్షరాలు, అంకెలు, గుర్తులతో చేసిన పని. ఆయనకు ఆ ఆలోచన 1963లో ఒక విద్యార్థి లెక్కల నోటుబుక్కు పేజీ చూశాక వచ్చింది. ఈ మాట చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగాయి. మరుసటి వారం సగం క్లాసు తమ పాత రఫ్ నోటుబుక్కులు తెచ్చుకుంది.

ఇక రంగు. ఈ టర్మ్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇచ్చింది దీనికే, ఇస్తూనే ఉంటాను.

క్రేయాన్ల డబ్బాలో ఒక లేత గులాబీ రంగు ఉంటుంది. పిల్లలందరూ దాన్ని "స్కిన్ కలర్" అంటారు. "స్కిన్ కలర్ ఇవ్వవా" అని అడిగే పిల్ల చెయ్యి, చాచిన పిల్లాడి చెయ్యి రెండూ ఆ రంగులో ఉండవు. అమెరికాలో క్రేయోలా కంపెనీ తన "ఫ్లెష్" రంగు పేరును 1962లోనే "పీచ్" అని మార్చేసింది. మన పిల్లల నోట్లో మాత్రం ఆ పేరు ఇంకా అలాగే ఉంది. వద్దని ఉపన్యాసం చెప్తే పోదు. రంగు కలిపితేనే పోతుంది.

పోస్టర్ కలర్స్‌లో ఐదే ఇచ్చాను: బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ నీలం, తెలుపు. నలుపు సీసా బీరువాలో పెట్టేశాను. ముదురు రంగు కావాలంటే సియెన్నాలో కొద్దిగా నీలం కలపాలి. అలా వచ్చే ముదురులో ప్రాణం ఉంటుంది. నలుపు కలిపితే చర్మం బూడిదబారుతుంది. తెలుపు ఎక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది, కాంతి పడే చోట తెలుపు బదులు ఆకర్ పెంచడం మంచిది. పిల్లలు కాగితం పట్టీల మీద రంగు పూసి, ఆరనిచ్చి, ముంజేతికి ఆనించి చూసుకున్నారు. ఆరేదాకా ఆగాలి, పోస్టర్ కలర్ తడిగా ఉన్నప్పుడు ఒక రకంగా, ఆరాక ఇంకో రకంగా ఉంటుంది. ఒక్కొక్కరు మూడు చోట్ల రంగు పట్టాలి: ముంజేయి పైభాగం, మణికట్టు లోపలివైపు, అరచెయ్యి. ఒకే మనిషి ఒంటి మీద మూడు రంగులు. అక్కడే "నా రంగు ఇది" అన్న మాట కరిగిపోతుంది. నీడలో చెంప కింద ఊదా ఛాయ, చెవి అంచున ఎరుపు, పెదవి పైన ఆకుపచ్చ దగ్గరి రంగు కనిపించడం మొదలైంది. క్లాసులో బాగా ఎర్రగా ఉండే ఒక పిల్లాడికి తెలుపు సరిపోలేదు, సియెన్నా కావాల్సి వచ్చింది. వాడు నమ్మక నన్ను పిలిచి పట్టీ తన చేతి మీద పెట్టి చూపించాడు.

ఆ వారమే తోట వైకుంఠం బొమ్మలు చూపించాను. ఆయన తెలంగాణ పల్లె ఆడవాళ్ళు, ముదురు గోధుమ ఒళ్ళు, పెద్ద బొట్టు, గాఢమైన రంగుల చీరలు. ఆ ఒంటి రంగు పక్కన చీర ఎరుపు ఎలా మండుతోందో చూడమన్నాను. ముదురు చర్మం ఉన్న పిల్లలు ఆ తర్వాత తమ బొమ్మలకు వెనక రంగు ఎంచుకునేటప్పుడు పసుపు, నారింజ ధైర్యంగా తీసుకున్నారు.

రంగు వేయాల్సిన చోటల్లా రంగే వేయనక్కర్లేదు, అచ్చు కాగితం కూడా నీడ ఇస్తుంది. న్యూస్‌పేపర్‌ను కళ్ళు సగం మూసి చూడమన్నాను. క్లాసిఫైడ్స్ పేజీలో చిన్న అక్షరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, దూరం నుంచి ఒక మోస్తరు బూడిదరంగు. హెడ్‌లైన్ ఉన్న చోట నలుపూ తెలుపూ కొట్టుకుంటాయి. అంచుల్లో ఖాళీ తెలుపు. ఈ మూడింటితో ఒక ముక్కు మొత్తం కట్టొచ్చు. చెన్నైలో మాకు ఒక అదృష్టం, మూడు భాషల పేపర్లు దొరుకుతాయి. తెలుగు అచ్చు గుండ్రంగా ఉంటుంది, తమిళ అచ్చులో నిలువు గీతలు, మూలలు ఎక్కువ, ఇంగ్లీషు అచ్చు పలుచగా సమంగా ఉంటుంది. ఇది నేను చెప్పలేదు, ఒక పిల్లాడు కనిపెట్టాడు. వాడు చెంపకు తెలుగు పేపరు, దవడ ఎముకకు తమిళ పేపరు దినతంతి వాడాడు. దగ్గరికెళ్ళి చూస్తే నిజంగానే చెంప మెత్తగా, దవడ గట్టిగా ఉంది. కత్తిరించిన అంచు, చింపిన అంచు కూడా వేరువేరు పనులు చేస్తాయి. చింపితే తెల్లటి పోగులు పైకి లేచి వెలుగు అంచులా కనిపిస్తాయి, ముక్కు గట్టుకు అది బాగా పనికొస్తుంది.

ఇంటి నుంచి ఏదైనా తెచ్చుకోండి అన్నాను, రెండు షరతులతో. ఇంట్లో అడగకుండా తేకూడదు. పాత ఫోటోలు, కాగితాలు అసలువి కత్తిరించకూడదు, జిరాక్స్ తీయించాలి. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటు వద్దు, జిగురు తగలగానే ఇంకు కారిపోతుంది. జిరాక్స్ షాపు కాపీ నిలుస్తుంది. బస్ టికెట్లు, పెళ్ళి శుభలేఖలు, మందుల చీటీలు, రేషన్ బియ్యం సంచి ముక్క, క్రికెట్ గ్లవ్ పట్టీ, ఒకడైతే వాళ్ళ కుక్క గొలుసు బొచ్చుతో సహా తెచ్చాడు.

ఒకమ్మాయి తను పుట్టిన ఏడాది పంచాంగంలో పేజీ జిరాక్స్ తెచ్చింది. వాళ్ళది నెల్లూరు వైపు కుటుంబం, పంచాంగం నానమ్మది. పిల్లకు తెలుగు చదవడం రాదు. నానమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి, ఏ గడిలో ఏముందో చెప్పిందట. తిథి, నక్షత్రం, రాహుకాలం ఉన్న ఆ చిన్నచిన్న గడుల కాగితాన్ని మెడ మీద, గడ్డం నీడ పడేచోట అతికించింది. పుట్టినరోజు ఉన్న గడి మాత్రం విడిగా తీసి చెవి పక్కన పెట్టింది. మెడ మీద ఎందుకు అని అడిగాను. "అక్షరాలు చిన్నవి కదా మిస్, ముదురుగా ఉంటుంది." మరి చెవి దగ్గర? "అది నానమ్మ చెప్పింది కదా, విన్నాను." రెండు ముక్కలు, రెండు వేరు పనులు, రెండిటికీ జవాబుంది.

ఇంకొకడి నాన్నకు టైలరింగ్ షాపు ఉంది. వాడు లైనింగ్ గుడ్డ ముక్కలు, సుద్దబిళ్ళ, సూదిదారం తెచ్చాడు. దవడ గీతను పెన్నుతో గీయకుండా కుట్టేస్తానన్నాడు. సూదితో నేరుగా కుడితే కాగితం చిరుగుతుంది. వాళ్ళ నాన్న చెప్పి పంపినట్టు, ముందు గీత వెంట సమంగా చిల్లులు పెట్టుకుని, వెనక గుడ్డ ముక్క అతికించి, ఆ తర్వాత దారం తీశాడు. చెవి దగ్గర కుట్లు దగ్గరదగ్గరగా, గడ్డం దగ్గరికొచ్చేసరికి దూరదూరంగా పడ్డాయి. దాంతో గీత చెవి దగ్గర బరువుగా మొదలై గడ్డం దగ్గర తేలికవుతుంది. పెన్సిల్‌తో ఇన్నేళ్ళుగా చెప్తున్న విషయం, గీతకు బరువు ఉంటుందన్నది, వాడికి దారంలో అందింది. ముక్కు మీద వెలుగును సుద్దబిళ్ళతో ఒకే ఒక్క గీతగా లాగాడు.

జిగురు సంగతి వివరంగానే చెప్పాలి, సగం పనులు పాడయ్యేది ఇక్కడే. మామూలు డ్రాయింగ్ షీటు ఇన్ని పొరలు మోయదు. శుభలేఖల షాపుల ఆండర్సన్ వీధిలో కత్తిరించగా మిగిలిన మందపాటి అట్టలు బేరమాడి కొన్నాం. అట్ట అయినా ఒకవైపే తడి కాగితం అతికిస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు లాగి వంగుతుంది. అందుకే వెనకవైపు కూడా అదే కొలతలో ఒక కాగితం అతికించాలి, రెండు వైపులా లాగుడు సమానమైతే అట్ట నిటారుగా ఉంటుంది. ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి, బ్రష్‌తో ముక్క కింద పూయాలి, పైన పూయాలి. బుడగలు మధ్యలోంచి అంచులకు వేలితో తోయాలి. మైదా బంక చవకే, కానీ చెన్నై గాలిలో బూజు పడుతుంది, బొద్దింకలు వస్తాయి. బైండింగ్ చేసేవాళ్ళు దాంట్లో మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతికి ఇచ్చేది కాదు. ఇక వరుస: ముందు బాల్‌పెన్‌తో గీతలు, తర్వాత అతికింపు, అది ఆరాక పోస్టర్ కలర్, చివరగా ఆయిల్ పేస్టల్. ఆయిల్ పేస్టల్ ముందు పూస్తే దాని మీద జిగురు పట్టదు, రంగు నిలవదు. బొగ్గు గీతల మీద ఫెవికాల్ పూస్తే అంతా మసి, అందుకే బొగ్గు బొమ్మ వేరు, అట్ట మీది బొమ్మ వేరు.

మా టర్మ్ వానాకాలంలో పడింది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో ఏదీ ఆరదు. సెలవులిచ్చిన రోజులు పోగా మిగిలిన పీరియడ్లలో ఫ్యాన్ కింద వరసగా పరిచి, ఆరినట్టు కనిపించాక పాలిథిన్ కాగితం మధ్యన పెట్టి పాత పుస్తకాల కట్టల కింద ఉంచాం. పాలిథిన్ లేకపోతే బొమ్మకు బొమ్మ అతుక్కుపోతుంది. అటెండర్ అన్న రోజూ సాయంత్రం వాటిని తిరగేసి పెట్టేవాడు. ఆయన లేకపోతే సగం బొమ్మలు బూజు పట్టేవి.

ఒక అబ్బాయి గురించి చెప్పాలి. పళ్ళకు కొత్తగా క్లిప్పులు వేయించుకున్నాడు. అద్దం ఇచ్చినప్పటి నుంచి నోటి మీద చెయ్యి తీయలేదు. నోరు గీయకుండా వదిలేయనా మిస్ అన్నాడు. నువ్వు ఎలా కూర్చున్నావో అలాగే గీయి అన్నాను. చెయ్యి గీయడం ముఖం కన్నా కష్టం. వాడు వేళ్ళ ముడతలు, గోళ్ళు, మణికట్టు దారం అన్నీ రోజుల తరబడి చూసి గీశాడు. వేళ్ళ సందుల్లో మాత్రం చాక్లెట్ రేపర్ వెండి కాగితం సన్నగా చింపి పెట్టాడు. నేనేమీ అడగలేదు. పక్కన కూర్చునే పిల్లాడు చూసి "సూపర్ రా" అన్నాడు, అంతే.

పేరెంట్స్ మీటింగ్ రోజున బొమ్మలు కారిడార్ గోడకు పెట్టాం, పిల్లల కళ్ళ ఎత్తులో. పేర్లు వెనకవైపు రాయించాను. తల్లిదండ్రులు తమ పిల్లల్ని వెతుక్కుంటారని. చాలామంది జుట్టును బట్టి, చూపును బట్టి పట్టేశారు. ఒక తల్లి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మేడం, పాపని ఎందుకండీ ఇంత నల్లగా వేయించారు? ఇంట్లో అత్తగారు చూస్తే ఏమంటారు?" అంది. ఆమెకు నేను జవాబు చెప్పేలోపు పాపే ఫైల్లోంచి తన రంగు పట్టీ తీసింది. ముంజేతి మీద పెట్టి, "చూడమ్మా, ఇది నేనే కలిపాను, మూడు రోజులు పట్టింది" అంది. ఆ తల్లి పట్టీని, చేతిని, బొమ్మను మార్చి మార్చి చూసింది. "వెనక పసుపు బాగుందే" అంది కాసేపటికి. ఆ బొమ్మ ఇంటికి వెళ్ళింది. గోడ మీద పెట్టారో లేదో నేను అడగలేదు.

మార్కుల దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. పోలికకు మార్కులు వేయను. సగం మార్కులు ఫైలుకు: అద్దం ముందు గీసినవి, కాగితం చూడకుండా గీసినవి, రంగు పట్టీలు అన్నీ తేదీలతో ఉండాలి. మిగతా సగంలో ఎక్కువ భాగం బోర్డు మీది ప్రశ్నకు. ప్రతి పిల్లా తన బొమ్మలో ఏవైనా మూడు ముక్కలు చూపించి అవి అక్కడ ఏం పని చేస్తున్నాయో చెప్పాలి, తెలుగులోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో. నేను మెచ్చినవాటిలో ఒకటి, చాలా అందంగా ఉన్నది, ఈ లెక్కలో వెనకబడింది. ఆ పిల్లకు ఎందుకో వివరంగా చెప్పాను. రెండు రోజుల తర్వాత చమ్కీలన్నీ గీకేసి, ఆ చోట తన రఫ్ నోటుబుక్కులో కొట్టేసిన లెక్కల పేజీ అతికించి తెచ్చింది. మార్కులు మార్చాను. స్కూలు పద్ధతిలో అలా మార్చకూడదు, హెడ్ మేడం దగ్గర వాదించి ఒప్పించాను.

ఇప్పుడు వాళ్ళు ఎనిమిదికి వచ్చారు. ఈసారి తమని కాదు, పక్కన కూర్చునేవాళ్ళని వేస్తామంటున్నారు, ఒకే అట్ట మీద ఇద్దరూ. ఒప్పుకున్నాను. దానికి పెద్ద అద్దాలు, ఇంకా మందపాటి అట్టలు కావాలి. ఆండర్సన్ వీధిలో పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయాక బేరం బాగా తెగుతుంది, అప్పటిదాకా బొగ్గు బొమ్మలు వేయిస్తున్నాను.